మూడో కడుగు నీళ్ళు

2023 ఎండాకాలం. తమిళనాడులో కోవిల్పట్టి నుంచి కళుగుమలై పోయే రోడ్డు మీద ఉంది మా పురుగుమందుల కొట్టు. నాన్న పెట్టిన కొట్టు; అగ్రికల్చర్ డిప్లొమా చదివిన పాపానికి ఆయన తర్వాత నా నెత్తిన పడింది. పొద్దున్నే నేను షట్టర్ ఎత్తే వేళకి ఎదురుగా అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ వ్యాను వచ్చి ఆగుతుంది. ఇక్కడి మా తెలుగువాళ్ళు దాన్ని ఫ్యాక్టరీ అనరు, తీపెట్టి ఆపీసు అంటారు. ఆడవాళ్ళు క్యారియర్లు పట్టుకుని ఎక్కుతారు, వ్యాను పోతుంది, నా బేరం మొదలవుతుంది.

మందుల కొట్టంటే సీసాలు అమ్మడమే అనుకుంటారు చూసేవాళ్ళు. అమ్మడం ఎంతసేపు? నా నోరు పడిపోయేది కొలత చెప్పడంలో. డోస్ అంటే ఎన్ని నీళ్ళకి ఎన్ని ఎం.ఎల్. మందు అనే లెక్క. సీసా మీద అచ్చు వేసే ఉంటుంది. కానీ మా వైపు కొలతంటే సీసా మూతే. ఒక్కో సీసా మూత ఒక్కో సైజురా నాయనా అని ఎంత మొత్తుకున్నా, "రెండు మూతలా, మూడా?" అనే అడుగుతారు. పురుగు మొండిదైతే ఇంకో మూత పోస్తారు. అందుకే గల్లా పక్కన ఒక మెజరింగ్ సిలిండర్ పెట్టుకున్నాను, గీతలున్న పొడుగాటి ప్లాస్టిక్ గొట్టం. దాన్ని కంటికి సమానంగా ఎత్తి గీత చూడాలి. పైనుంచి తొంగిచూస్తే లెక్క తప్పుతుంది. ముందు సగం నీళ్ళు, తర్వాత మందు, ఆ పైన మిగతా నీళ్ళు. చేతులకి గ్లౌజులు, ముక్కుకి గుడ్డ, గాలి వీపు వైపు నుంచి రావాలి. ఇదంతా నేను రోజూ పాడే పాటే. వినేవాళ్ళు తక్కువ.

విన్న మనిషి గురువమ్మ. ఆ వ్యాను ఎక్కే ఆడవాళ్ళలో ఒకతె. మొగుడు రామసుబ్బు లారీ డ్రైవరు, ఇంటిపట్టున ఉండేది తక్కువ. ఇంటి వెనక ఉన్న కాస్త మెట్టనేలలో ఆమె నిమ్మచెట్లు పెట్టింది. బోరు ఎండిపోయిన ఊరు అది. ఇంట్లో వాడిన ప్రతి చుక్కా, బియ్యం కడుగు, కూరగాయలు కడిగిన నీళ్ళు, అంట్లు తొలిచిన నీళ్ళు, అన్నీ పెరట్లో సిమెంటు తొట్లో పోసేది. సాయంత్రం వ్యాను దిగి బిందెతో ఒక్కో చెట్టుకీ మోసేది. అలా నాలుగేళ్ళు పెంచింది. మొదటిసారి గట్టిగా పూత పట్టింది ఆ యేడే.

"ఈ కాపు నిలిస్తే ఆపీసు మానేస్తా అక్కా," అంది కొట్టుకొచ్చి. "ఆ అగ్గిమందు పొడికి రాత్రంతా దగ్గు. వాయి తెరిచి ఊపిరి తీసి ఎన్నాళ్ళాయనో." వాయంటే మావాళ్ళకి నోరు.

ఆమెకొచ్చిన చిక్కల్లా గట్టు అవతలి సీమకరువేలం. ఆంధ్రలో సర్కారు తుమ్మ అంటారు దాన్ని. ఎన్నిసార్లు నరికినా చిగురేస్తుంది, దాని వేరు ఎంత దూరమైనా పోయి నీళ్ళు లాగేస్తుంది. నిమ్మకి మోసే నీళ్ళలో సగం తుమ్మ తాగేస్తోందని గురువమ్మ ఏడుపు. వేరుతో సహా చంపే మందు కావాలంది. అలాంటి హెర్బిసైడ్, అంటే కలుపుమందు, నా దగ్గర ఉంది. చాలా మొండిది. నేలలో చాన్నాళ్ళు ఉంటుంది, వేరుకి అందితే చాలు, ఏ చెట్టయినా లాక్కుంటుంది. అందుకే స్ప్రే కొట్టడం లేదు, నరికిన మొద్దు మీద కుంచెతో పూయడమే అని ఒకటికి రెండుసార్లు చెప్పాను. సిలిండర్ ఆమె చేతికే ఇచ్చి నీళ్ళతో కొలిపించాను. కళ్ళు చికిలించి, గీత దగ్గర సరిగ్గా ఆపింది.

"పని అయినాక సీసా, బకెట్, కుంచె మూడుసార్లు కడగాలి," అన్నాను. "మేం ట్రిపుల్ రిన్స్ అంటాం. ఆ నీళ్ళు అవతలే తుమ్మ మొద్దుల మీద పారబొయ్యి. ఇటు తేకు."

"మూడుసార్లా? అన్నం గిన్నే ఒకసారి కడగతామక్కా మేము. అన్ని నీళ్ళు వీణుగా పొయ్యేదా?"

వీణంటే మావైపు వృథా. "నీ చెట్ల కోసమే చెప్తున్నా గురువమ్మా," అన్నాను.

"సరి, కడగతా."

మూడు వారాలు దాటాక చీర కొంగులో ఒక నిమ్మరెమ్మ చుట్టుకుని వచ్చింది. ఆకులు మెలితిరిగి, కొస ఎండి ఉంది. ముడత తెగులేమో అనుకుంటూ చేతిలోకి తీసుకున్నాను. చిగురు కింద బెరడు చిట్లి ఉంది. తెగులు అలా చెయ్యదు. అది కలుపుమందు చేసే పనే. కొట్టు మూసి, స్కూటీ మీద ఆమెను ఎక్కించుకుని వాళ్ళింటికి పోయాను.

ఒక్క చెట్టు కాదు, అన్నీ అలాగే ఉన్నాయి. గట్టు దగ్గరివి, ఇంటి దగ్గరివి, తేడా లేదు. పూత అంతా కిందే రాలి ఉంది. గాలికి ఎగిరిన మందయితే ఒక వైపే తగలాలి.

"మొదట్నుంచీ చెప్పు. ఏం చేశావో వరసగా చెప్పు," అన్నాను.

చెప్పింది. చేతులకి కవర్లు కట్టుకుంది. గాలి చూసుకుని నిలబడింది. సగం నీళ్ళు పోసి, మందు కొలిచి, మళ్ళీ నీళ్ళు పోసింది. మొద్దులకి తప్ప ఇంకెక్కడా కుంచె తగలనియ్యలేదు.

"కడిగిన నీళ్ళు?"

"మొదటి నీళ్ళు నువ్వు చెప్పినట్టే మొద్దుల మీద పోస్తిని."

"తర్వాత?"

"రెండోది, మూడోది సుత్తంగా ఉండె అక్కా. వాసన లేదు, నురగ లేదు. బియ్యం కడుగు మాదిరే కదా. మొదటిది పారబోసేది, రెండోది పులుసుకి పెట్టుకునేది. మూడోది తాగేటట్టు ఉండె." చేత్తో సిమెంటు తొట్టి చూపించింది. "దాంట్లో పోస్తిని."

మా ఇంట్లోనూ అంతే. మొదటి కడుగు పారబోసి, రెండో కడుగుతోనే నేను పులుసు పెడతాను. అజాగ్రత్తగా చేసి ఉంటే నాలుగు తిట్టి నా కడుపుమంట చల్లార్చుకునేదాన్ని. ఆమె చేసిన పనిలో తిట్టడానికి ఏముంది? ఒక్క చుక్క పారబొయ్యడం చేతకాలేదు, అంతే. ఆ చేతకానితనంతోనే ఆ చెట్లు అంత ఎత్తు పెరిగాయి.

ఇక నాకు తెలిసిన మందు ఒక్కటే ఉంది, మంచినీళ్ళు. ధారాళంగా పెట్టి ఆ విషాన్ని వేరు కిందికి తొయ్యాలి. ఆ మాట పైకి చెప్పడానికే నాకు సిగ్గేసింది. తొట్టి కడిగించి, నేను ఫోన్ చేసి ఒక ట్యాంకర్ పిలిపించాను. పగుళ్ళిచ్చిన నల్లరేగడి ఆ నీళ్ళన్నీ మింగేసి మళ్ళీ పొడిగానే కనబడింది. రెండో ట్యాంకర్ అడిగితే ట్యాంకర్ ఆయన, "తాగేదానికే ఊళ్ళో క్యూ నిలబడి ఉండారమ్మా, చెట్టుకి ఎట్ల తెచ్చేది?" అన్నాడు. ఆయన మాటా న్యాయమే.

ఆకు మొత్తం రాలాక గురువమ్మ గోటితో ఒక్కో చెట్టు బెరడు గీకుతూ పోయింది. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు అని నేనే చెప్పాను.

"పచ్చ ఉండాదా అక్కా?" ప్రతి చెట్టు దగ్గరా అడిగింది.

ప్రతి చెట్టు దగ్గరా లేదనే చెప్పాను.

ఈ కేసు నాకేం నేర్పిందని అడిగితే, చెప్పుకోడానికి ఒకటి ఉంది. నీళ్ళు తేటపడ్డాయంటే మందు పోయినట్టు కాదు, కడిగిన నీళ్ళు కూడా మందే. ఇప్పుడు ఎవరొచ్చినా సిలిండర్ కంటే ముందు ఈ మాటే చెప్తాను. కడుగు మాట ఎత్తి, మూడో కడుగూ విషమేనని చెప్తాను. వింటారు. తలూపుతారు. ఇంటికిపోయి ఖాళీ బిందె చూశాక ఏం చేస్తారో నాకు తెలియదు. ఆ కలుపుమందు అమ్మడం మానేశాను. నాలుగు కొట్ల అవతల దొరుకుతుంది. బిందె నీళ్ళకి కాచుకు కూచునే ఇంటికి నీళ్ళు పారబొయ్యమని సలహా చెప్పడం ఎంత పనికిమాలిన పనో నేర్చుకున్నాను. ఆ పనికిమాలిన పనే ఇప్పటికీ చేస్తున్నాను, ఇంకో దారి తెలియక.

గురువమ్మ ఆపీసు మానలేదు. పొద్దున్నే వ్యాను దగ్గర కనిపిస్తుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతూ. నన్ను చూసి తల ఆడిస్తుంది. కోపం ఉన్నట్టు కనబడదు, ఉంటే బాగుండుననిపిస్తుంది.

మొన్న సాయంత్రం వాళ్ళ వీధిలో పనుండి పోయాను. గుమ్మం ముందు కూచుని అంట్లు తొలుస్తోంది. తొలిచిన నీళ్ళ గిన్నె ఎత్తి, రోడ్డు మీద దుమ్ములోకి ఒక్క విసురున పోసింది. నన్ను చూసి ఖాళీ గిన్నె ఒళ్ళో పెట్టుకుంది.

"ఆనాడు పారబొయ్యమంటివి కదక్కా, చెయ్యి రాలేదు," అంది. "ఇప్పుడు వస్తాంది."