హనుమంతప్ప గిన్నెలో ఉర్లగడ్డ ముక్కలు

2022 ఎండాకాలం. అనంతపురంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను డైటీషియన్‌ని, అంటే రోగికి ఇష్టమైనవన్నీ తినొద్దని చెప్పి జీతం తీసుకునే మనిషిని. కుందుర్పి వైపు నుంచి హనుమంతప్ప అనే గొర్రెల కాపరి వచ్చి చేరాడు. కాలి బొటనవేలికి పుండు, ఒంట్లో విపరీతమైన షుగర్. మందులతో పాటు తిండి కూడా దారిలోకి రాకపోతే వేలు తీసేయాల్సి వస్తుందని సర్జన్ చెప్పేశారు. పొద్దంతా మంద వెనక నడిచే మనిషి, ఆ మాట విన్నప్పటి నుంచి వేలి వైపే చూస్తూ కూర్చున్నాడు.

అయినా సాలడ్ గిన్నె ముందు పెడితే మొహం తిప్పేశాడు.

"ఏమమ్మా, పచ్చాకు తెచ్చి పెడ్తాండావు? ఇది మా గొర్రెలకేసేది."

"అన్నా, నీ వేలు నిలబడాలంటే అన్నానికి ముందు ఇది తినాలి."

"వేలు కావల్ల. ఆకు వద్దు."

"ఇంట్లో కూడా ఇంతేనమ్మా. ఉర్లగడ్డ ఉంటేనే కూడు దిగుతాది" అంది ఆయన భార్య నాగమ్మ.

నాకు ఒళ్లు మండింది. బంగాళాదుంపే కావాలా, సరే అనుకుని, క్యాంటీన్ నుంచి కాసిని ఫ్రెంచ్ ఫ్రైస్ తెప్పించి, ఆ మేరకు అన్నం తగ్గించాను. మొదటి రోజు సాలడ్ పైన చల్లాను. ముక్కలు మాయమయ్యాయి, ఆకులు ఆకులుగానే వెనక్కి వచ్చాయి. మర్నాడు ముక్కల్ని అడుగున దాచాను. వాటి కోసం దోసకాయ, టమాటా, క్యాబేజీ అన్నీ నమిలి మింగేశాడు. అక్కడి నుంచి రోజూ రెండు మూడు ముక్కలు తగ్గిస్తూ వచ్చాను. రౌండ్లకొచ్చిన సర్జన్ గిన్నెలోకి చూసి "ఇదేమిటి?" అన్నారు. "మందే సార్" అన్నాను. ఫాస్టింగ్ షుగర్, అంటే పరగడుపున చేసే పరీక్ష, దిగుతోంది కాబట్టి ఆయన పక్క మంచానికి వెళ్లిపోయారు.

చివరికి ఒక్క ముక్క కూడా లేని గిన్నె పెట్టాను. హనుమంతప్ప అడుగుదాకా తిని తలెత్తాడు.

"ఈ పొద్దు పూర్తిగా ఆపేసినావే."

"ఏమిటన్నా?"

"కొత్త మేతకు గొర్రె మొహం తిప్పితే నేనూ అది ఇష్టపడే శనక్కాయ ఎండుకట్టె కలుపుతా. దినాము కొంచెం తగ్గిస్తా. నువ్వు ముక్కలు అడుగున పెట్టిన దినమే నాకు తెలిసిపోయినాది."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే ముక్కలు ఆపేస్తావని."

సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి నాకు.

"ఒకటి మాత్రం తప్పు చేస్తాండావమ్మా. మనిషి నిలబడి చూస్తాంటే గొర్రె తినదు. పక్కన ఇంకోటి మేస్తాంటే తింటాది. కూర్చో."

నా క్యారియర్‌లో ఉర్లగడ్డ వేపుడు ఎదురుచూస్తోంది. తప్పించుకునే దారి లేదు. ఇంకో గిన్నె తెప్పించుకుని ఆయన పక్కన కూర్చున్నాను.

"ఎట్లుండాది?"

"బాగుందన్నా."

"నిజం చెప్పు."

"పచ్చాకు లాగే ఉంది."

ఆయన గట్టిగా నవ్వాడు. నాగమ్మకు మాత్రం దిగులు పట్టుకుంది. "అంటే ఇంటికి పోతే ఈయన పక్కన కూర్చుని మేయాల్సింది నేనా?"

పుండు మానింది. వేలు నిలిచింది. హనుమంతప్ప తన కాళ్ల మీద నడిచి బస్సెక్కాడు.

అప్పటి నుంచి ఎవరికి సాలడ్ రాసినా, మొదటి పూట నాకూ ఒక గిన్నె తెప్పించుకుని ఆ మంచం పక్కనే కూర్చుంటాను. ఇప్పటికీ అది నాకు రుచించలేదు. కానీ నా మొహం చూసి నవ్వుకుంటూ వాళ్లు తినేస్తారు.