నమ్ముకున్నాను అన్న మాట

సువార్త పనిలో ‘క్రియేటివిటీ’ అనే మాట ఎవరి నోట విన్నా నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మాటను మా ఊరికి తెచ్చినాయన గుంటూరు బ్రాడీపేటలో ఆఫీసు పెట్టుకున్న ఒక సారు. ఇస్త్రీ నలగని చొక్కాతో, మార్టూరు నుంచి లోపలికి ఉన్న మా పల్లెకి జీపులో వచ్చేవాడు. పాత పద్ధతులకు కాలం చెల్లిందని ప్రతి ప్రసంగంలోనూ చెప్పేవాడు. ఆయన కొత్త ఆలోచనల్లో మొదటిది చేతికి తొడుక్కునే బొమ్మలు. పసుపుపచ్చ జుట్టు, నీలికళ్ళ బొమ్మ ఒకటి “నేను అబ్రాహామును” అనేసరికి మా పేట పిల్లలు జడుసుకుని ఏడ్చారు. రెండోది, యేసు గాడిదనెక్కి ఊరేగిన మట్టల ఆదివారం నాడు తెచ్చిన గాడిద. అది డప్పుల మోతకి బెదిరి, పక్కనే ఆరబోసిన మిరపకాయల కళ్లంలో పడి పొర్లింది. ఆ ఆసామిని బతిమాలుకున్నది మా అమ్మ. సారు అప్పటికే జీపెక్కేశాడు.

మా అమ్మ సంఘంలో బైబిలు స్త్రీ. ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పడం, జబ్బు పడ్డవాళ్ళ పక్కన కూర్చుని ప్రార్థన చెయ్యడం ఆవిడ పని. మిరప కోతలు మొదలైతే మాత్రం ఏ ఇంటికి పోయినా తాళమే. అందుకని అమ్మ కూడా ఒడి కట్టుకుని ఆడవాళ్ళతో పాటు చేలోకి దిగేది. సాలుకొక కథ చెప్పేది. యోసేపును అన్నలు గుంటలో పడేశారంటే, సాలు కోసుకుంటూ గట్టు చేరేదాకా పైకి తీసేది కాదు. ఆ పిల్లాడు పైకి రావాలని ఆడవాళ్ళు చేతులు గబగబా ఆడించేవారు. గట్టు మీద నిలబడిన ఆసామి నుదుట నిలువు బొట్టు పెట్టుకునే మనిషి. ఆయన కూడా, “బైబిలమ్మా, వాణ్ణి అప్పుడే తియ్యమాక, ఇంకా నాలుగు సాళ్ళున్నయ్!” అని అరిచేవాడు. చేలో హిందువులు ఉండేవాళ్ళు, సాయిబుల ఆడవాళ్ళు ఉండేవాళ్ళు, మేమూ ఉండేవాళ్ళం. కథ విన్నందుకు ఎవరూ ఏమీ కానక్కర్లేదు. అదంతా కొత్త పద్ధతి అని అమ్మకు తెలియదు.

అమ్మ పక్క సాలు ఎప్పుడూ ఒకావిడదే. హిందువుల ఇంటి కోడలు, ఊళ్ళో రామాలయం వెనక వీధిలో ఇల్లు. అమ్మను అక్కా అని పిలిచేది, నేను ఆవిణ్ణి పిన్నీ అనేదాన్ని. ఒక ఏడాది ఆవిడ జ్వరంతో గట్టు మీద కూలబడితే, మేస్త్రి కంట పడకుండా అమ్మ రెండు సాళ్ళూ కోసింది. ఆవిడ కూడా ప్రభువును తెలుసుకోవాలని అమ్మకు లేదా అంటే, ఉంది. రోజూ తెల్లారి ప్రార్థనలో ఆవిడ పేరు ఎత్తేది. కానీ ఆ సంగతి దేవుడికి చెప్పుకునేదే తప్ప ఆవిణ్ణి అడిగేది కాదు.

సారు ఇదంతా విని ఎగిరి గంతేశాడు. చేలో చేసే సేవకి ‘ఫీల్డులో మినిస్ట్రీ’ అని పేరు పెట్టి, కెమెరా పట్టుకుని చేలోకి దిగాడు, బూట్లతో. నేను అప్పటికి డిగ్రీ అయిపోయి రెండేళ్ళుగా ఇంట్లో ఉన్నాను. ఆ వీడియోతో చేసే వీసీడీకి మాటలు రాసి, చదివిపెట్టమన్నాడు. బాగా వస్తే ఆఫీసులో ఉద్యోగం ఇస్తానన్నాడు. కోతలకు పోయి వచ్చి, మండే చేతుల్ని మజ్జిగలో ముంచుకుని కూర్చునే బతుకు నాకు అసహ్యం. ఎలాగైనా ఆ ఉద్యోగం కావాలనుకున్నాను.

కెమెరా పిన్ని మీదికి వచ్చింది. ఆవిడ సిగ్గుపడి, కాయలు కోసిన చేత్తోనే మొహం తుడుచుకుంది. ఇంకేముంది, కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారాయి. “ఎందుకొస్తారమ్మా మీరిక్కడికి?” అని అడిగాడు సారు. ఆవిడ కళ్ళు నులుముకుంటూ, “ఏముందయ్యా, ఈ అక్కను నమ్ముకున్నాను. అక్క ఉంటే ఏ చేలోకైనా వస్తాను. జొరమొస్తే నా సాలు కూడా తనే కోసుద్ది” అంది.

మా ఊళ్ళో నమ్ముకోవడం అనే మాటకు రెండు దారులున్నాయి. మొగుణ్ణి నమ్ముకుంటారు, చేనును నమ్ముకుంటారు, తోటి మనిషిని నమ్ముకుంటారు. మా చర్చిలో మాత్రం ఒక మనిషి ‘నమ్ముకుంది’ అంటే ఇంటి దేవుళ్ళను వదిలి ప్రభువు దగ్గరికి వచ్చిందనే అర్థం. ఈ రెండూ పుట్టినప్పటి నుంచీ వింటున్నదాన్ని నేను. తెలిసే కత్తిరించాను. ఆ కన్నీళ్ళు ఉంచి, ‘నమ్ముకున్నాను’ దగ్గర ఆపించాను. తర్వాత నా గొంతు వస్తుంది: “ఈ సోదరి ఏడుస్తూ ప్రభువును నమ్ముకుంది. చీకటిలో నుండి వెలుగులోనికి వచ్చింది.”

ఒక ఆదివారం సాయంత్రం చర్చి ఆవరణలో తెర కట్టి చూపించారు. తమ మొహాలు కనపడతాయని ఊరు ఊరంతా వచ్చింది. మొదట నవ్వులు, ఈలలు. తర్వాత పిన్ని మాట వచ్చింది. ఆవిడ పెద్దకొడుకు లేచి తల్లి చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు.

మర్నాడు పిన్ని చేలోకి రాలేదు. ఆవిణ్ణి పూజగదిలోకి రానివ్వడం లేదని, కొడుకు పెళ్ళికి మాటలు జరుగుతున్న సంబంధం వాళ్ళు వెనకాడుతున్నారని తెలిసింది. అమ్మ నా దగ్గరికొచ్చి, “ఎవరే ఇట్టా రాసింది?” అంది. “సారు రాసిచ్చింది చదివానమ్మా” అన్నాను. తడబడకుండా అన్నాను.

అమ్మ ఆ మాట పట్టుకుని బస్సెక్కి గుంటూరు పోయింది. సారును నిలదీసింది. ఆ ముక్క తీసేయమంటే, వీసీడీలు అన్ని ఊళ్ళకీ వెళ్ళిపోయాయన్నాడు. “ఇవాళ అబద్ధమైనా దేవుడు రేపు నిజం చేస్తాడమ్మా” అన్నాడు. అంతటితో ఊరుకోకుండా, సొరుగులోంచి నోట్‌బుక్ కాయితం తీసి చేతిలో పెట్టి, “ఇది మీ అమ్మాయి ఆలోచనే. మంచి క్రియేటివిటీ ఉంది” అన్నాడట. నా చేతిరాత అమ్మకు తెలియదా? నాకు అక్షరాలు దిద్దించింది ఆవిడే.

బస్సు దిగి అమ్మ ఇంటికి రాలేదు. సందు మొదట్లో నన్ను చూసి, “రా” అని ఒక్క మాట అని, పిన్ని వాళ్ళింటికి నడిచింది. వెనకాలే వెళ్ళాను. గడప దాటకుండా వాకిట్లో నిలబడి, నలుగురూ వినేట్టు ఆ కొడుకుతో చెప్పింది.

“అయ్యా, మీ అమ్మ మా ప్రభువుని నమ్ముకోలా. ఏనాడూ అట్టా అనలా. నమ్ముకుంది నన్ను. ఆ మాట తెగ్గోసి రాసింది ఇదిగో, నా కూతురు. సారు కాదు.”

ప్రభువును నమ్ముకోమని చెప్పడానికే జీవితమంతా తిరిగిన మనిషి, ఫలానా మనిషి నమ్ముకోలేదని వీధిలో నిలబడి సాక్ష్యం చెప్పింది. నాకు సిగ్గేసింది, కానీ అంతకన్నా ఎక్కువగా అమ్మ మీద కోపం వచ్చింది. సారు మీదికి తోసేస్తే పోయేదానికి కన్నబిడ్డను బజారుకీడ్చిందని.

పిన్ని లోపలి నుంచి వచ్చింది. అమ్మ వైపు చూడలేదు. తిన్నగా నా మొహంలోకి చూసింది.

“పొరపాటయింది పిన్నీ” అన్నాను.

“పొరపాటేందే? నీకు తెలుగొచ్చుగా” అంది. అని లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.

ఆ తర్వాత కోతల్లో అమ్మ పక్క సాలు వేరేవాళ్ళు కోశారు. అమ్మ కథలు మానేసింది. చెప్పమని ఎవరూ అడగనూ లేదు.

నేను ఆ వచ్చే సోమవారమే బస్సెక్కి బ్రాడీపేట ఆఫీసులో చేరాను. నాలుగేళ్ళు చేశాను. ఎవరెలా నమ్ముకున్నారో చెప్పే సాక్ష్యాలు రాయడమే నా పని.