అర్మోగం కుడిచెయ్యి

అర్మోగం పిళ్ళైకి చెయ్యి ముందు, మాట తర్వాత. వైదమూ పట్నంలో ఈ సంగతి తెలియనివాడు లేడు. మిల్లు గేటు దగ్గర రోటీ పొట్లాలు అమ్మే ముసలమ్మ నుంచి బ్యాంకు మేనేజరు దాకా, అతనితో మాట్లాడాలంటే ఒక అడుగు వెనక్కి వేసి నిలబడేవాళ్ళు. అది తన మీద గౌరవం అనుకున్నాడు అర్మోగం. చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాడు, పాపం.

ఆ చెయ్యి మొదటిసారి లేచింది అతని పంతొమ్మిదో ఏట. చెరుకు కోతల కాలం. లారీ తోలేది తండ్రి, పక్కన కూర్చున్నది తను. మిల్లు గేటు ముందు మైలు పొడుగున లారీలు. కోసిన చెరుకు ఎండలో ఆరేకొద్దీ బరువు తగ్గిపోతుంది కాబట్టి అందరికీ తొందరే. మిట్టమధ్యాహ్నం ఎవడో పక్కనుంచి దూరి వీళ్ళ ముందు లారీ పెట్టాడు. ఇదేం పద్ధతని తండ్రి దిగి అడిగాడు. అవతలివాడు చెరుకు కత్తి పట్టుకుని దిగాడు. రెండే వేట్లు, ఒకటి భుజం మీద, ఒకటి మెడ మీద. తండ్రి తారు రోడ్డు మీద ఇంకా కాళ్ళు కొట్టుకుంటూ ఉండగానే ముందు వరుస కదిలింది. వెనకవాళ్ళు హారన్లు మోగించారు. ఒక పెద్దమనిషైతే పడి ఉన్న మనిషిని జాగ్రత్తగా తప్పించుకుంటూ లారీని ముందుకు పోనిచ్చాడు. అర్మోగం జాకీ రాడ్డు తీసుకుని కత్తివాడి దవడ పగలగొట్టాడు. ఆ తర్వాత హారన్ కొట్టినవాళ్ళలో దొరికినవాణ్ణి దొరికినట్టు బాదాడు. నలుగురు పోలీసులు కలిస్తే గానీ ఆగలేదు.

తండ్రిని చంపింది కత్తి కాదని, ఎవరి వంతు ముందో ఎవరికీ తెలియకపోవడమని అతనికి అప్పుడే బుర్రకెక్కింది. రాజధాని సువా వెళ్ళి రెండేళ్ళు కంప్యూటర్ నేర్చుకున్నాడు. తిరిగొచ్చి మిల్లు కోసం ఒక ప్రోగ్రాం రాశాడు. ఏ పొలంలో కోత ఎప్పుడు ముగిసింది, ఏ లారీ ఎప్పుడు బయల్దేరింది అన్నీ అందులో ఎక్కిస్తే, ఎవరు ఎన్ని గంటలకు గేటు దగ్గరికి రావాలో అదే చీటీ కొట్టి ఇచ్చేది.

డ్రైవర్లు ఊరుకుంటారా? "పెట్టె చెప్తే మేం కదలాలా? ఆ పెట్టెకి చెరుకు వాసనైనా తెలుసా?" అంటూ మొదటివారమే కంప్యూటర్ గది మీద రాళ్ళు వేశారు. అర్మోగం బయటికొచ్చి ముందున్నవాడి పళ్ళు రెండు రాలగొట్టి, వాడి చీటీ వాడి జేబులో పెట్టి, "నీ వంతు మూడింటికి. మూడింటికే రా" అని పంపించాడు. ఆ ఏడాది గేటు దగ్గర ఒక్క కత్తీ లేవలేదు. ఆ ఒక్క పనికి మాత్రం ఎవరైనా అతనికి దణ్ణం పెట్టాల్సిందే.

ఆ ప్రోగ్రాం మిగతా మిల్లులకూ పాకింది, తర్వాత బస్సులకూ రేవుకూ వెళ్ళింది. ముప్పై దాటకుండానే అర్మోగం పెద్ద కంపెనీకి యజమాని. కానీ అతని ప్రాణం కంప్యూటర్లో లేదు, ఫుట్‌బాల్లో ఉంది. కుర్రతనం నుంచీ వైదమూ జట్టుకి వెనక వరసలో ఆడేవాడు. అతని వెనక గోలు కాచేది ఇనోకే.

ఇనోకేది నది అవతల నాకలౌ ఊరు. చేతులు చేటలంత ఉండేవి. వాళ్ళిద్దరూ ఒకరినొకరు "తవాలే" అని పిలుచుకునేవాళ్ళు. అది బావా బావమరుదుల పిలుపు, ఎంత ఎగతాళి చేసినా కోపం తెచ్చుకోకూడని పిలుపు. "తవాలే, మనుషుల్ని నువ్వు ఆపు, బంతిని నేను ఆపుతా" అనేవాడు ఇనోకే. "నీకు మనుషుల్ని వదిలితే అందర్నీ చెయ్యి పట్టి కూర్చోబెట్టి యంగోనా పోస్తావు" అనేవాడు అర్మోగం. ఆట అయ్యాక ఇద్దరూ ఒకే కొబ్బరి చిప్పలో ఆ మత్తు వేరు నీళ్ళు తాగేవాళ్ళు. మోకాలు దెబ్బతిని అర్మోగం ఆట మానేశాక జట్టుకే అధ్యక్షుడయ్యాడు. ఇనోకే మాత్రం గోల్లోనే ఉండిపోయాడు.

ఇక అర్మోగం ముప్పై మూడో ఏట వచ్చిన ఫైనలు. వాన పడి మైదానం బురదైపోయింది. ఆఖరి నిమిషంలో అవతలి జట్టువాడు ఎక్కడో నలభై గజాల నుంచి గుడ్డిగా తన్నాడు. బంతి నీళ్ళలో పడి, దిశ మార్చుకుని, ఇనోకే చేతుల కింద నుంచి లోపలికి దూరింది. జనం మైదానంలోకి దూకారు. సీసాలు ఎగిరాయి. రిఫరీ ఇలైతియాని కిందపడేసి తొక్కారు, ఆయనకి రెండు పక్కటెముకలు విరిగాయి. అర్మోగం ఆ గొడవలోంచి దారి చేసుకుని బట్టలు మార్చుకునే గదిలోకి వచ్చాడు. ఇనోకే బల్ల మీద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకుంటున్నాడు.

"ఎంతకి అమ్ముకున్నావురా?"

ఇనోకే తలెత్తాడు. ఎత్తకుండా ఉన్నా బాగుండేది. అర్మోగం కుడిచేతికి అత్తవారు పెట్టిన రాళ్ళ ఉంగరం ఉంది. అది ఇనోకే ఎడమ కంట్లో దిగింది. అర్మోగం ఇంకో రెండు దెబ్బలు కూడా వేశాక గానీ తన మణికట్టు దాకా తడిసిందని చూసుకోలేదు.

గోలు స్తంభానికి గుద్దుకున్నానని ఆస్పత్రిలో చెప్పాడు ఇనోకే. గదిలో పదకొండు మంది ఉన్నారు, పదకొండు మందీ అదే చెప్పారు. కన్ను మాత్రం పోయింది.

అర్మోగం భార్య రేషమ్ లత అప్పుడే చెప్పింది. "వెళ్ళండి. వాళ్ళ పద్ధతిలో తంబువా పట్టుకెళ్ళి తల వంచుకు కూర్చోండి. ఆయన దాన్ని ముట్టుకుంటే క్షమించినట్టే."

"తిమింగలం పన్ను తీస్కెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చోవాలా నేను? ఫ్రిజ్ పంపిస్తాలే."

నిజంగానే పంపించాడు మహానుభావుడు! నాకలౌకి అప్పటికి కరెంటు లేదు. ఆ ఫ్రిజ్ ఇనోకే ఇంటి వెనక ఉండిపోయింది, తలుపూడిపోయాక కోళ్ళు అందులో గుడ్లు పెట్టాయి. ఇరవై ఏళ్ళు గడిచాయి. అర్మోగం నది దాటలేదు.

దాటాల్సిన పని యాభై మూడో ఏట వచ్చింది. ప్రభుత్వం అతన్ని రోడ్లు, వంతెనల సంఘానికి అధ్యక్షుణ్ణి చేసింది. ఆ సంఘం పనులన్నిటికీ అతను తన వంతుల ప్రోగ్రామే పెట్టించాడు. డబ్బు, నక్షా, భూమి ఇచ్చే ఊరి ఒప్పుకోలు అనే మూడు గడులూ నిండితే చాలు, పనివాళ్ళు ఎవరూ చెప్పకుండానే బయల్దేరతారు. మొదటి పెద్ద పని వైదమూ నది మీద వంతెన. అవతలి గట్టున స్తంభాలు దిగేది నాకలౌ ఊరి భూమిలో. ఊరి పెద్ద ఎవరయ్యా అంటే, ఇనోకే.

అప్పుడు గుర్తొచ్చింది అతనికి తంబువా. మాట్లాడిపెట్టడానికి పాత రిఫరీ ఇలైతియాని వెంటబెట్టుకుని, ఒక గురువారం పొద్దున్నే బయల్దేరాడు. రేషమ్ లత గుమ్మంలో నిలబడి అడిగింది. "కన్ను కోసం వెళ్తున్నారా, వంతెన కోసమా?"

"రెండూ ఒకటేలే" అన్నాడు. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

ఇనోకే ఇంట్లో చాపల మీద ఊరివాళ్ళు కూర్చుని ఉన్నారు. అర్మోగం చెప్పులు బయట విడిచి, గుమ్మం పక్కనే, అందరికన్నా కింద, తల వంచుకుని కూర్చున్నాడు. ముందు చాప మీద తేనెరంగు తంబువా. ఇలైతియా పెద్ద గొంతుతో మొదలుపెట్టాడు, చేసిన తప్పు, జరిగిన ఆలస్యం, పాత స్నేహం అంటూ. ఎదురుగా ఇనోకే. జుట్టంతా నెరిసింది. ఎడమ కన్ను ఉండాల్సిన చోట మూసుకుపోయిన గుంట. అతని పెద్ద చెయ్యి తంబువా వైపు మెల్లిగా కదలడం అర్మోగం చూశాడు.

సరిగ్గా పదింటికి బయట టంగుమని చప్పుడైంది. తర్వాత ఇంకోటి. ఇనుప మేకు మీద సుత్తి దెబ్బ.

ఆ చప్పుడేమిటో ఆ ఇంట్లో అందరికన్నా ముందు తెలిసింది అర్మోగానికే. ఊరి ఒప్పుకోలు అన్న గడిలో 'అవును' అని నొక్కింది అతనే, బుధవారం మధ్యాహ్నం. ఎలాగూ ఒప్పుకుంటారుగా, ఒకరోజు ఎందుకు దండగ అనుకున్నాడు. ప్రోగ్రాం తన పని తను చేసింది. కొలతల వాళ్ళకి చీటీ వెళ్ళింది, వాళ్ళు చెప్పిన టైముకే వచ్చారు.

ఇనోకే మేనల్లుడు మాకా గుమ్మంలోంచి తొంగి చూసి అరిచాడు. "తాతగారి సమాధి పక్కనే మేకులు కొడుతున్నారు!"

ఇనోకే చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది.

కుర్రాళ్ళు ఒక్క ఊపున బయటికి పరుగెత్తారు. కొలతల వాళ్ళ యంత్రం ముక్కలైన చప్పుడు, ఎవడిదో చెయ్యి విరిగిన కేక వినిపించాయి. వాళ్ళు తిరిగొచ్చింది అర్మోగం కోసం. "క్షమాపణ చెప్పడానికొచ్చావా, మమ్మల్ని ఇక్కడ కూర్చోబెట్టి అక్కడ భూమి లాక్కోడానికొచ్చావా?" అంటూ మాకా మొదటి తన్ను ముఖం మీద తన్నాడు. ముక్కు విరిగింది. అడ్డం వెళ్ళిన ఇలైతియాని పక్కకి నెట్టేశారు. వీపు మీద, డొక్కలో, చెవి మీద దెబ్బలు పడుతున్నాయి. అర్మోగం కుడిచెయ్యి దానంతటదే పిడికిలి బిగించింది. అది అతని అలవాటు, ముప్పై నాలుగేళ్ళ అలవాటు. అతను ఆ పిడికిలిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు. మాకా ఆ తొడ మీదే మడమతో తొక్కాడు. తొడ కింద వేళ్ళు విరగడం అర్మోగానికి తెలిసింది. చెయ్యి బయటికి తియ్యలేదు. ముక్కు నుంచి రక్తం తంబువా మీద కారుతోంది.

"ఆగండ్రా" అన్నాడు ఇనోకే.

ఆగారు. ఇనోకే లేచి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "దేనికొచ్చావ్?"

ఇలైతియా డొక్క పట్టుకుని మళ్ళీ మొదలెట్టబోయాడు. "పెద్దలారా, మా అర్మోగం..."

"నువ్వుండు రిఫరీ. వాణ్ణి చెప్పనీ."

"వంతెన కోసం" అన్నాడు అర్మోగం. నోట్లో రక్తంతో మాట సరిగ్గా రావట్లేదు. "వంతెన లేకపోతే వచ్చేవాణ్ణి కాదు. ఆ మేకులు కొట్టమంది కూడా నేనే."

"ఆ బంతి నేను అమ్ముకున్నాననుకున్నావుగా."

"అనుకోలేదు."

"మరి?"

"ఆ రోజు కూడా అనుకోలేదు తవాలే. ఓడిపోయాం. ఎవర్నో ఒకర్ని కొట్టాలనిపించింది. నువ్వు దగ్గర్లో ఉన్నావు, తిరిగి కొట్టవు కూడా. అంతే."

ఇనోకే చాప మీద తడుముకుని తంబువా అందుకున్నాడు. ఒడిలో ఉన్న గుడ్డతో రక్తం తుడిచాడు.

"కంటికి సరే" అన్నాడు. "వంతెనకి కాదు. ఆ మేకులు నువ్వే పీకు. నీ పనివాళ్ళు కాదు, నువ్వు."

నలభై మేకులు. అర్మోగం ఒక్కొక్కటే ఎడమచేత్తో ఊపి, ఊడబెరికి, గట్టు మీద పోగు పెట్టాడు. కుడిచెయ్యి వాచిపోయి పక్కన వేలాడుతోంది. ఆ చెయ్యి తర్వాతెప్పుడూ సరిగ్గా మూసుకోలేదు. వంతెన చివరికి నాలుగు మైళ్ళ దిగువన కట్టారు. సంఘం అధ్యక్ష పదవి ఆ నెలలోనే పోయింది. వైదమూలో అతన్ని చూసి జనం నవ్వారు, ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యకుండా నవ్వారు.

కానీ అదంతా తర్వాతి మాట. ఆ మధ్యాహ్నం ఆఖరి మేకు పీకి, సమాధి పక్కన మట్టిలో కూలబడ్డాడు అర్మోగం. ఇనోకే కొబ్బరి చిప్పలో నీళ్ళు తెచ్చి ఎదురుగా నిలబడి చెయ్యి చాపాడు. "తాగు."

చిప్ప అర్మోగం చేతికి జానెడు ఇవతలే ఆగిపోయింది. అక్కడికి అందిందనే అనుకుంటున్నాడు ఇనోకే. తీసుకోడేమిటా అన్నట్టు అలాగే పట్టుకుని ఉన్నాడు. ఒంటికన్ను మనిషికి దూరం తెలియదని ఇరవై ఏళ్ళలో అర్మోగం ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

"తీస్కో తవాలే, చెయ్యి నొప్పెడుతోంది" అన్నాడు ఇనోకే.

అర్మోగం ఏడుస్తూ, ఆ జానెడూ తనే జరిగి అందుకున్నాడు.