ఎనిమిదో తరగతి గది

మొన్న లాల్‌దర్వాజాలో మా చిన్నప్పటి బడి గోడకు కొత్త బ్యానర్ కట్టారు. లోపలున్న కుట్టు శిక్షణ కేంద్రానికి ఇది నాలుగో పేరు. నిధులు కొత్తవట, విధానం కొత్తదట. బ్యానర్ మీద జాకెట్టు ఫోటో మాత్రం పాతదే. ఆ జాకెట్టు మా చెల్లె కుట్టింది.

ఆ బడి ఏడో తరగతి వరకే. ఎనిమిది పెడతామని ఒక గది కట్టించారు. చెల్లె ఏడు పాసైన వేసవిలో దానికి సున్నం వేస్తుంటే, తనూ స్నేహితురాళ్లూ కిటికీలోంచి తొంగిచూసి ఎవరెక్కడ కూర్చోవాలో పంచుకున్నారు. బడి తెరిచేసరికి లోపల కుట్టు మిషన్లు. ఆడపిల్లలకు చదువు కన్నా చేతిపని ముఖ్యమని పైన ఎవరో మహానుభావుడికి జ్ఞానోదయమైందట. ఎనిమిది కావాలంటే సంతోష్‌నగర్ వెళ్లమన్నారు. అంత దూరం ఒంటరిగా పంపనంది అమ్మ. చెల్లె రెండు రోజులు అన్నం ముట్టలేదు. తర్వాత పక్కింటి పెద్దమ్మ దగ్గర కుట్టు నేర్చుకుంది. ఆ కేంద్రంలోనే నేర్చుకోవచ్చు కదా అనకండి. తనిఖీ ఉంటే తప్ప మిషన్ల మీది కవర్లు తీసేవారు కాదు.

పదేళ్లకు అక్కడ టీచర్ కావాలన్నారు. చెల్లె తను కుట్టిన జాకెట్లు పట్టుకుని బయల్దేరింది, నేనూ వెంట వెళ్లాను. ఇంచార్జి సారు వాటిని ముట్టుకోలేదు.

"టెన్త్ మెమో ఏదమ్మా?"

"ఏడు దాకనే చదివిన సార్. ఎనిమిదో తరగతికి కట్టిన గదిలనే మీరు కూసున్నరు."

"పాలసీ గట్లుంది, నేనేం చేస్త?" అన్నాడాయన.

నెల తిరక్కుండానే అదే సారు మా గుమ్మంలో నిలబడ్డాడు. పెద్దాఫీసరు వస్తున్నాడట. "నాలుగు జాకెట్లు ఇయ్యమ్మా, చూపిచ్చి వాపస్ ఇస్తం." సిగ్గనేది ఆ శాఖకు మంజూరు కాలేదేమో. చెల్లె ఇచ్చింది. సూదిలో దారం ఎక్కించడం రాని, పదో తరగతి పాసైన టీచరమ్మ వాటి పక్కన నిలబడి ఫోటో దిగింది, ఆఫీసరు పనితనం మెచ్చుకున్నాడు. ఎందుకిచ్చావని నేను కోప్పడితే, "నౌకరీ ఇస్తరేమో అనుకున్న అన్నా" అంది చెల్లె. ఇవ్వలేదు.

ఈ ఏడాది చెల్లె కూతురు అదే బడిలో ఏడు పాసైంది. ఆ బ్యానర్ కింద నిలబడి, "మామా, ఎనిమిదికి యాడికి పోవాలె?" అని అడిగింది. పాతికేళ్లు గడిచాయి, కేంద్రానికి నాలుగో పేరూ వచ్చింది. ఎనిమిదో తరగతి మాత్రం తన గదికి ఇంకా రాలేదు.