సగం పాలు

పోయిన వారం బ్రూస్‌పేటలో మా ఆడపడుచు మనవరాలిని తొట్టెలో వేసే వేడుకకు పోయి, భోజనానికి కూర్చోకుండానే తిరిగి వచ్చేశాను. పదకొండు రోజుల పసిగుడ్డు నాలుకకు ఇంటి పెద్దావిడ బంగారు ఉంగరాన్ని తేనెలో ముంచి రాసింది, ఆమె తర్వాత పిన్నమ్మ, ఆ తర్వాత మేనత్త, చివరికి అప్పుడే వక్కాకు నమిలి కొంగుకు తుడుచుకున్న వేలితో ఇంకొకావిడ, ఇలా వరుస కట్టి మరీ రాశారు. నేను వద్దంటే, "నర్సమ్మవు గదా, నీకన్నీ బయ్యమే, ఒక్క సుక్కకేమయితాదిలే అక్కా" అని నవ్వేశారు. ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ నాకు రోత పుడుతూనే ఉంది, కానీ అది ఆ తేనెను చూసి పుట్టిన రోత మాత్రమే కాదు.

నేను ఈ ఊళ్లోనే ఒక పెద్దాసుపత్రి కాన్పుల వార్డులో ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా చేశాను. తారానగర్ వైపు నుంచి ఇనుప గనుల లారీలు బారులు తీరి వచ్చే రోజులు నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటాయి. పొద్దున ఉతికిన దుప్పటి సాయంత్రానికి ఎర్రబడేది, ఫిల్టర్ కాఫీ మీద కూడా సన్నని దుమ్ము తేలేది, అయినా ఆ వార్డంటే నాకు పుట్టిల్లంత ప్రేమ. ఆ లారీలు కాస్త తగ్గుముఖం పట్టాక, కప్పగల్లు నుంచి ఒక రైతు కుటుంబపు కోడలు కాన్పుకు వచ్చింది. పొలం పక్కన పెట్టి లారీ కొన్న భర్త నుంచి ఆ పిల్లకు హెచ్‌ఐవీ సోకింది. ఆ సంగతి ఇంట్లో భార్యాభర్తలకూ, తోడుగా వచ్చిన అత్తకూ తప్ప ఎవరికీ తెలియదు.

డాక్టరమ్మ వాళ్లకు నెమ్మదిగా, రెండుసార్లు చెప్పింది. తల్లి మాత్రలు ఒక్కరోజు కూడా మానకూడదు, బిడ్డకు చెప్పినన్నాళ్లు చుక్కల మందు పోయాలి, ఆరు నెలల దాకా ఒక్క తల్లిపాలే తాగించాలి, మంచినీళ్లు కూడా వద్దు. తల్లిపాలూ ఆవుపాలూ కలిపి పట్టడమే అన్నింటికన్నా ప్రమాదం, ఎందుకంటే పైపాలతో పసిపేగు దెబ్బతింటే జబ్బు లోపలికి పోవడం సులువవుతుంది అని విడమరిచింది.

మా వార్డు మాత్రం వేరే పాఠం చెప్పింది. ఆ పిల్ల మంచానికి ఎర్ర కాగితం అంటించాం. వార్డు ఆయా అన్నం పళ్లెం ఆమె వైపు కాలితో తోసేది. పెద్ద నర్సు చేతులకు రెండేసి తొడుగులు వేసుకుని, ముక్కు చిట్లిస్తూ బిడ్డను రెండు వేళ్లతో ఎత్తేది. నేనేదో మంచిదాన్నని అనుకోకండి, ఆ పిల్ల సంతకం పెట్టిన నా కలాన్ని నేను చెత్తబుట్టలో పడేశాను. పెన్ను వల్ల ఏమీ కాదని నాకు తెలుసు, తెలిసే పడేశాను, అదీ ఆమె చూస్తుండగా.

ఇంటికి పంపే రోజున నేను కార్డు రాస్తుంటే, పెద్ద నర్సు ఆ అత్తను పక్కకు పిలిచి, "ఆ పాలు ఎంత తక్కువ తాగితే అంత మంచిది పెద్దమ్మా, తెలిసెనా?" అంది. అది తప్పని నాకు బాగా తెలుసు. కానీ నా డ్యూటీలు వేసేది ఆమె, దసరాకు నాకు సెలవు కావాలి, అందుకని తల వంచుకుని కార్డు రాస్తూ ఉండిపోయాను.

మూడో నెల సూదికి బిడ్డను తీసుకురాలేదని డాక్టరమ్మ నన్ను పంపింది. ఊళ్లో ఎవరికీ అనుమానం రాకుండా మామూలు చీరలో, చుట్టపు మనిషిలా పోయాను. పోయేసరికి ఆ అత్త కాళ్లు చాపుకుని, వాటి మీద బిడ్డను పడుకోబెట్టి, ఉగ్గుగిన్నెతో ఆవుపాలు పోస్తోంది. బిడ్డకు నాలుగు రోజులుగా విరేచనాలు. కోడలు గోడవారగా కూర్చుని, పాలు నిండి తడిసిన రవికెను కొంగుతో దాచుకుంటోంది.

"సగం పాలు ఆవువి పోస్తే సగం జబ్బన్నా తగ్గుతాది కదమ్మా అని పోస్తాండా," అంది ఆ పెద్దావిడ, మంచిపని చేస్తున్న నమ్మకంతో. అట్లా చేయకూడదని నేను మళ్లీ మొదటినుంచి చెబితే ఆమె బిత్తరపోయి, "మీ ఆసుపత్రిలోనే చెప్పిరి కదమ్మా?" అంది.

"అట్లెవరూ చెప్పరు పెద్దమ్మా, నువ్వే సరిగా ఇనుకోలేదు," అన్నాను నేను.

"అట్లే ఉంటాదేమోలేమ్మా, ముసిల్దాన్ని, సెవులు సరిగా ఇనపడవు," అని ఆమె రెండు చెంపలూ వేసుకుంది. కోడలు మాత్రం నా ముఖం వైపు చూసింది. ఆ పిల్లకు అంతా తెలుసు, పెద్ద నర్సు ఆ మాట అన్నప్పుడు ఆమె కూడా నా బల్ల దగ్గరే ఉంది.

ఆ రోజే పైపాలు మాన్పించాం. ఆ తర్వాత ప్రతి పరీక్షకూ నాకు నిద్ర పట్టేది కాదు. చివరికి ఏడాదిన్నర నిండాక చేసిన పరీక్షలో బిడ్డకు జబ్బు లేదని తేలింది. అది ఒట్టి అదృష్టం, కోడలు మానకుండా మింగిన మాత్రల పుణ్యం. ఆ అత్త మాత్రం జొన్నరొట్టెలు, వాటిలోకి గురెళ్ల కారప్పొడి మూటగట్టి తెచ్చి, "నువ్వు రాకుంటే నా బిడ్డ యాడుండునో తల్లీ" అని నా చేతులు కళ్లకద్దుకుంది. పెద్ద నర్సు కూడా ఒక రొట్టె తీసుకుంది. నేను నిజం చెప్పలేదు, రొట్టెలు ఇంటికి తెచ్చుకుని తిన్నాను.

ఇప్పుడు ఎప్పుడైనా ఆ వార్డుకు పోతే మంచాలకు ఎర్ర కాగితాలు కనబడవు. నా కూతురికన్నా చిన్నవాళ్లైన నర్సులు అట్లాంటి తల్లుల పక్కనే మంచం మీద కూర్చుని, ఆరు నెలలు నీ పాలే తాగించు, వేరే ఏదీ వద్దు అని చెబుతూ, జుట్టు కూడా సర్దుతున్నారు. మందులు మెరుగయ్యాయి, కాలం మారింది అని నాతో పనిచేసిన వాళ్లు అంటారు, నేనూ తలూపుతాను. కానీ ఒక మనిషి పక్కన కూర్చోవడానికీ, తెలిసిన నిజాన్ని నోరు తెరిచి చెప్పడానికీ కొత్త మందేదీ రానక్కర్లేదు. ఆ రెండూ ఆ రోజు కూడా నా చేతిలోనే ఉన్నాయి.