రేపల్లె దగ్గర లేని మెరక

తెనాలి నుంచి బాపట్ల, రేపల్లె వరకు ఎక్కడ కురిసిన వాన ఏ మురుగు కాలువలో కలుస్తుందో కంప్యూటర్లో హద్దులు గీయడం నా పని. ఎవరి మురికి ఎవరి చెరువులోకి చేరుతుందో తెలియాలంటే ముందు ఆ గీతలు కావాలి. బల్లపరుపు డెల్టాలో అదెంత తలనొప్పో చేసినవాళ్ళకే తెలుసు. రేపల్లె అవతల సముద్రం వైపు ఊళ్ళో ఉండే మా పెద్దమ్మ కూతురు సుజాతక్క మొన్న ఫోన్ చేసింది. ఊరి పక్కన కొత్తగా రొయ్యల చెరువులు తవ్వారట. కోడలికి నెలలు నిండాయి, ఆ నీళ్ళు మంచినీళ్ళ చెరువులోకి వస్తాయేమోనని దిగులు. పటం చూశాను. రెంటి మధ్యా ఇంటెత్తు మెరక ఉంది. ఆ నీళ్ళు ఇటు రావక్కా, నిశ్చింతగా ఉండు అన్నాను. అయినా గీత ఖాయం చేసేముందు కళ్ళారా చూడాలి కదా అని బయల్దేరాను.

తెల్లవారుజామున తెనాలిలో రేపల్లె పాసింజరు ఎక్కితే వేమూరు మీదుగా గంట, గంటన్నర ప్రయాణం. టిక్కెట్టు ధర రెండు టీలకు మించదు. వేమూరు దాటగానే మంచు కమ్మేసింది. స్టేషన్ బయట ఇడ్లీ తిని, రానూపోనూ ఆటో మాట్లాడుకుని, పటంలో మెరక ఉన్నచోట దిగాను.

ఫోన్లో చుక్క నేను మెరక నెత్తి మీద ఉన్నట్టు చూపిస్తోంది. కాళ్ళ కింద మాత్రం చదునైన ఇసుక. మంచులో ఎటు చూసినా అడుగెత్తు మోళ్ళు. కప్ప అరుపు లేదు, ఒక్క కొంగ కూడా లేదు. ఇక్కడేముండేదని ఆటో ఆయన్ని అడిగాను.

“సరుగుడు తోటండి. కొట్టేసి రెండేళ్ళవుతుంది.”

తోట ఉన్న రోజుల్లో ఉపగ్రహం చిటారు కొమ్మల ఎత్తు కొలిచి దాన్నే నేల అనుకుంది. ఆ లేని మెరకను నమ్మి నేను అక్కకు మాటిచ్చేశాను.

మోళ్ళ మధ్య నుంచి రొయ్యల చెరువుల నీళ్ళు వదిలే బోదె ఒకటి పోతోంది. నీళ్ళు సముద్రం వైపే కదులుతుంటే హమ్మయ్య అనుకున్నాను. కాసేపటికి అవి ఆగాయి. గాలి లేదు, చప్పుడు లేదు. అయినా పైనున్న నురగ మెల్లగా వెనక్కి తిరిగి ఊరివైపు పాకడం మొదలుపెట్టింది. సముద్రం పోటెక్కుతోంది. నురగ వెంటే నడిచాను. అది గట్టు తెగిన చోట పక్కకు మళ్ళి, నేరుగా మంచినీళ్ళ చెరువులోకి దూరింది. అవతలి మెట్ల మీద మంచులో ఆడవాళ్ళు మసకగా కనిపించారు. అందరూ బిందెలు ముంచుతున్నారు.

సుజాతక్క నవ్వుతూ ఎదురొచ్చింది. ఇన్నాళ్ళూ భయపడి క్యాన్లు కొనుక్కున్నారట. మా తమ్ముడు పటం చూసి చెప్పాడని నిన్న ఊరంతా తనే చాటిందట. నేను చూసింది చెప్పాను. బిందెలు అక్కడే ఒంపేశారు. అక్క నా మొహం చూడకుండా అడిగింది.

“పొద్దున కోడలు తాగిందిరా. ఇప్పుడేం చెయ్యమంటావు?”

అదే ఆటోలో ఆ అమ్మాయిని రేపల్లె తీసుకెళ్ళాం. ప్రస్తుతానికి భయం లేదని డాక్టరు అన్నారు. ఆ “ప్రస్తుతానికి” అన్న మాట నాకింకా నిద్ర పట్టనివ్వడం లేదు. తెర మీద గీత మార్చడానికి నిమిషం పట్టలేదు. అక్క మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. మీరు ఇలాంటి పని మీద ఇటు వస్తే పోటు వేళకు రండి, నీళ్ళు వెనక్కి తిరిగేదాకా అక్కడే నిలబడండి, ఆ తర్వాతే ఎవరికైనా తాగమని చెప్పండి.