కొలతలక్క కట్టిన యంత్రం

పిల్లలంతా ఆమెను కొలతలక్క అనేవారు. ఆరోగ్య సర్వేలో పద్దెనిమిదేళ్లుగా ఆమె పని ఒకటే: ఇల్లిల్లూ తిరిగి పిల్లలు ఏం తింటున్నారో, ఎంత కదులుతున్నారో రాసుకోవడం. సంచిలో మూడు సైజుల గిన్నెలు, రెండు గరిటెలు, ఒక గ్లాసు ఉండేవి. "నిన్న లేచింది మొదలు పడుకునేదాకా ఏమేం తిన్నావు కన్నా? అన్నం ఈ గిన్నెడా, ఆ గిన్నెడా?" అని అడిగేది. ఏ జవాబు విన్నా ఆమె మొహంలో రంగు మారేది కాదు. కొత్తలో ఒక పిల్ల పొద్దున టీ తప్ప ఏమీ తీసుకోలేదంటే, "అయ్యో, అంతేనా?" అని నోరు జారింది. మరుక్షణం ఆ పిల్ల రెండు గుడ్లు, ఒక అరటిపండు కలిపేసింది. అది మొదలు కొలతలక్క తన మొహాన్ని అదుపులో పెట్టుకుంది.

ఆ ఏడు పిల్లల నడుముకు అగ్గిపెట్టెంత యంత్రం కట్టమన్నారు. వారం ఉంచుకుంటే వాళ్ల కదలికలన్నీ అందులో నమోదవుతాయి. జాబితా పట్టుకుని ఒక ఇంటి తలుపు తడితే, తీసింది చక్రాల కుర్చీలో ఉన్న పదకొండేళ్ల పిల్ల. వాళ్లమ్మ కుట్టుమిషను ఆపి లేచి వచ్చింది.

"మా అమ్మాయి నడవలేదండీ. మీ లెక్కకు పనికిరాదేమో" అంది బెరుగ్గా.

"కట్టండక్కా, మా క్లాసులో అందరికంటే నేనే ఎక్కువ తిరుగుతా" అంది పిల్ల, అమ్మ మాట పూర్తికాకుండానే.

కొలతలక్క కట్టింది. వారం తర్వాత వచ్చి, యంత్రంలోని లెక్కను ట్యాబులోకి ఎక్కించి చూసింది. కదలికలు చూపే గీత దాదాపు అడుగునే పాకుతోంది. పిల్ల మెడ చాచి చూసింది.

"ఇదేంటి? నేనేం చేయలేదనా?" ట్యాబు మీద వేలు పెట్టి అడిగింది. "రోజూ బడి మైదానం చుట్టూ ఆరు చుట్లు తిరిగానక్కా. కావాలంటే నా చేతులు చూడండి."

చాచిన అరచేతుల్లో కాయలు కాసి ఉన్నాయి. అన్నేళ్లుగా అదుపులో ఉన్న మొహం ఆ పూట మాట వినలేదు. కొలతలక్క కళ్లు తుడుచుకుని, "తప్పు నీది కాదు తల్లీ. కట్టిన చోటు తప్పు. కుర్చీ తోసేది చేతులైతే, నడుముకు కట్టింది నేను" అంది.

ఆఫీసులో అధికారి తేలిగ్గా తీసుకున్నాడు. "కొలవడం కుదరలేదని రాసి ఆ కాగితం పక్కన పెట్టేయండమ్మా."

"కుదరలేదు కాదు సార్, మనకు చేతకాలేదు. ఇంకో వారం ఇవ్వండి, మణికట్టుకు కడతాను."

"మణికట్టు లెక్క నడుము లెక్కతో కలవదు."

"కలపకండి సార్. విడిగా రాయండి. ఆ పిల్ల కదిలిందన్న మాటయినా ఉండాలి కదా!"

ఆయన తల గోక్కున్నాడు. "మీతో వేగలేను" అంటూనే సంతకం పెట్టాడు.

ఈసారి యంత్రం కట్టి ఊరుకోలేదామె. ఒకరోజు బడికి వెళ్లి, పది నిమిషాలకోసారి ఆ పిల్ల ఏం చేస్తోందో పుస్తకంలో రాసుకుంది. సాయంత్రం మైదానంలో పిల్ల కుర్చీ ఆపి, "రాస్తూ కూర్చుంటారా, నాతో వస్తారా?" అని కవ్వించింది. కొలతలక్క చెప్పులు విడిచి పరుగందుకుంది. రెండో చుట్టుకే ఆయాసం తన్నుకొచ్చి గోడ పట్టుకుంది. పిల్ల చుట్టు తిరిగి వచ్చి, "మీ నడుముకీ ఒకటి కట్టాలక్కా!" అని పడీపడీ నవ్వింది.

ఆ వారం గీత ఎగసి ఎగసి పడింది. సర్వే నివేదికలో, చక్రాల కుర్చీ వాడే పిల్లల కదలికను మణికట్టు దగ్గర కొలిచి విడిగా చూపాలని, అలా చేసి చూశామని రెండు వాక్యాలు చేరాయి. కొలతలక్క ఆ పేజీ తీసుకెళ్లి చూపించింది.

"నా పేరు లేదుగా?"

"ఎవరి పేరూ ఉండదు తల్లీ. కానీ ఇది నీ గురించే."

పిల్ల ఆ రెండు వాక్యాలూ గట్టిగా చదివింది. వాళ్లమ్మ కుట్టుమిషను ఆపేసి, "ఏదీ, ఇంకోసారి చదువు" అంది.